తమ్ముడి వంతు

రేణిగుంట,
ఆదివారం.

పూజ్యురాలైన అమ్మకు నీ కూతురు రూపశ్రీ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నాయన, అవ్వ క్షేమంగా ఉన్నాం. ఆ కువైట్ ఎండల్లో, ఎవరి వంటింట్లోనో నువ్వు ఎలా ఉన్నావోనని రోజూ తలుచుకుంటూనే ఉంటాం.

కుప్పమ్మక్క ఎల్లుండి మీ కువైట్‌కే విమానం ఎక్కుతోంది. ఆమెతో ఈ ఉత్తరం, ఐరాల బెల్లం, కొత్త చింతపండు పంపుతున్నాను. బెల్లం నువ్వే తిను. మీ మేడమ్ పిల్లలకు పంచిపెట్టి చేతులు దులుపుకోకు. అవ్వ మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా గట్టిపడింది. నాయన షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడి గుడ్లురిమితే.

"రూపేష్ ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తా ఉండాడు, నా మీద కోపమా?" అని రాశావు. నీ మీద తమ్ముడికి కోపమేమిటమ్మా. దీనికి జవాబు కాస్త పెద్దది. కూర్చుని చదువు.

నాయన మద్రాసు నుంచి తెచ్చిన ఇంగ్లీషు మాటల ఆట నీకు గుర్తుంది కదా. గళ్ల అట్ట, ఒక్కొక్కరికి ఏడేసి అక్షరాల బిళ్లలు. ఎవరికీ తెలియని మాట పెడితే మార్కులెక్కువ. దానికి నాయన మన ఇంటి నియమం ఒకటి తగిలించాడు. "అర్థం సెప్పలేని మాట సెల్లదు." తమ్ముడు ఒకసారి 'జాక్స్' అని పెట్టాడు. పైకప్పు పలకరాళ్లను చెక్కే కత్తి అని చెప్పి ఊరుకోకుండా, చేసి చూపిస్తానని నీ కూరగాయల కత్తి తీసుకుని గోడ మీదికి ఎక్కబోయాడు. "అన్నం సల్లారిపోతా ఉండాది, ఆ అక్షరాలే తింటారా?" అని నువ్వు గరిటె తీసుకుని వచ్చావు.

వాడు ఆ సముద్రం అవతలి దేశానికి టైపింగ్ ఉద్యోగమని వెళ్లాక ఇద్దరం ఫోన్లో అదే ఆట ఆడుకుంటున్నాం. చిన్నప్పటి నుంచి నన్ను ఒక్క ఆటా గెలవనివ్వనివాడు, ఉన్నట్టుండి వరసగా ఓడిపోవడం మొదలుపెట్టాడు. నాకు కొమ్ములొచ్చాయి. "అక్కడి తిండికి నీ బుర్ర మొద్దుబారిందా ఏందిరా?" అని రాశాను. నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

నా ప్రతాపం నాయనకు చూపించాను. ఆట ముగిశాక, ఏ వంతులో ఏ మాట పెట్టి ఉంటే ఎక్కువ మార్కులు వచ్చేవో ఫోన్ చూపిస్తుంది. నాయన కళ్లజోడు పెట్టుకుని తమ్ముడి వంతులన్నీ చూశాడు. మొహం మారిపోయింది.

"పెద్ద పెద్ద మాటలు సేతిలో ఉంటే వదిలేసినాడే. ఈ సిన్నమాటకు అర్థమేంది, పాపా?"

"థ్రాల్. బానిస."

"ఇది?"

"జైవ్. కాళ్లకు వేసే సంకెల."

"దీనికి?"

"వేల్. కొరడా దెబ్బకు ఒంటి మీద తేలే వాత."

"వాడు ఆడతా లేడు," అన్నాడు నాయన. "మనకు అర్థం సెప్తా ఉండాడు."

వాడు మొత్తుకుంటుంటే నేను గెలిచానని గంతులేశానమ్మా.

తిరుపతి పోలీసుల దగ్గరికి వెళ్లాం. ఇలా చాలామందిని తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారట. చెయ్యనంటే కొడతారట. మన వైపు మాటలు తెలిసినవాడొకడు కాపలా ఉంటాడట, ప్రతి ఫోనూ వింటాడు, ప్రతి మెసేజీ చదువుతాడు. ఆట ఒక్కటే పట్టించుకోలేదు. తమ్ముణ్ణి పంపిన ఏజెంటు భానుచందర్ ఫోన్ ఎత్తడం లేదు. వడమాలపేటలో వాడి ఇంటికి తాళం వేసి ఉంది. "ఎంబసీకి రాసినామమ్మా. జవాబు వచ్చేదాకా ఆ ముఠాకు అనుమానం రాకూడదు. ఆట మాత్రం ఆపొద్దు," అన్నాడు ఆఫీసరు.

పైన క్షేమమని రాసిన వాళ్లలో తమ్ముడి పేరు లేదు, గమనించావో లేదో. పోయిన ఉత్తరంలో వాడు కులాసాగా ఉన్నాడని రాసేటప్పటికే నాకు ఇదంతా తెలుసు. అంత దూరంలో ఒంటరిగా ఉన్న నీకు చెప్పే ధైర్యం లేక అబద్ధం రాశాను. ఇప్పుడూ ధైర్యం వచ్చి రాయడం లేదు. భయం ఎక్కువై రాస్తున్నాను.

నేనూ మార్కులు వదిలేసి 'ఎస్పై' అని పెట్టాను. దూరాన ఉన్నదాన్ని కంటితో పట్టుకోవడం అని అర్థం. నిన్ను చూశాంరా అని చెప్పడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు. కాసేపటికి వాడి జవాబు వచ్చింది. ఏడు బిళ్లలూ ఒకేసారి పరిచి, వెనకటిలాగా నన్ను చిత్తుగా ఓడించాడు! మాకు తెలిసిందని వాడికి అర్థమైందన్నమాట. నేను, నాయన ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. వెంటనే నేను కొత్త ఆట మొదలుపెట్టి, నా మాట పెట్టాను.

అప్పటి నుంచి వాడు ఆడలేదు. ఫోన్ లాక్కున్నారో, ఆట సంగతి పసిగట్టారో, ఇంకేం చేశారో. ఫోన్ మోగితే ఒక భయం, మోగకపోతే ఒక భయం. అవ్వకు చెప్పలేదు. వంట చేస్తున్నా కొంగులో ఫోన్ కట్టుకునే తిరుగుతున్నాను.

ఇక నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. నీకు శుక్రవారమే ఫోన్ ఇస్తారని వాడికి తెలుసు. వాడి చేత నీకు ఫోన్ చేయిస్తే, పక్కన ఆ కాపలా మనిషి వింటూ ఉంటాడు. వాడు "బాగుండానమ్మా" అంటాడు. నమ్మినట్టు మాట్లాడు. తిన్నావా అని అడుగు, ఎక్కువసేపు మేలుకోవద్దని తిట్టు. గొంతు వణకనివ్వకు. పెట్టేశాక ఎంతసేపైనా ఏడువు.

కుప్పమ్మక్క గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. కవరు అంటించే ముందు ఇంకోసారి ఫోన్ చూశాను. ఇంకా 'రూపేష్ వంతు' అనే ఉంది.

ఇట్లు,
వాడి మాట కోసం కాచుకుని ఉన్న
నీ కూతురు
రూపశ్రీ