నైరీ ఇంట్లో లేవని సర్వర్

ఫిబ్రవరి 5, సోమవారం

పొద్దున్నే మా అత్తగారు నైరీ ఫోన్. పలకరింపు లేదు, పాడు లేదు. మీ సర్వర్ చచ్చిందే పిల్లా, అంది.

నా స్నేహితుడు సియోనే ఆక్లండ్‌లో, నేను ఇక్కడ డనీడిన్‌లో కూర్చుని తీరిక దొరికినప్పుడల్లా చేస్తున్న ఎక్స్‌టెన్షన్ అది, ఎడిటర్ ప్రోగ్రామ్‌కు తగిలించుకునేది. మెషిన్ మీద స్వెటర్లు అల్లేవాళ్ల కోసం. ఎడిటర్‌లో డిజైన్ వరసలు రాసుకుంటూ పోతే, వెనకాల అదే కంప్యూటర్‌లో చిన్న సర్వర్ ఒకటి లేచి కుట్లు లెక్కపెడుతుంది. తేడా ఉన్న వరస కింద ఎర్రగీత గీస్తుంది. పక్కన బొమ్మ వేసి చూపిస్తుంది. సర్వర్ లేవకపోతే గీతా లేదు, బొమ్మా లేదు. దీన్ని వాడేవాళ్లు పదిమంది కూడా ఉండరు. అందులో ఒకరు మా అత్తగారు, అది నా ఖర్మ.

నా దగ్గర బాగానే లేస్తోంది. సియోనేని అడిగాను. వాడి దగ్గరా లేస్తోంది. మీ అత్త ఏదో కెలికి ఉంటుంది, అన్నాడు. అదే మాట ఆమెతో చెప్పనా అంటే, వద్దు తల్లీ, అన్నాడు.

ఫిబ్రవరి 6

సెలవు. క్యాలమ్ చేపలకు వెళ్లాడు. వాళ్లమ్మ కంప్యూటర్ అంటే చాలు, మా ఆయనకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

నైరీ మళ్లీ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. ఇరవై మూడో తేదీ లోపల ఊరి వ్యవసాయ షోలో అల్లికల పోటీకి స్వెటర్ ఇవ్వాలి. ఛాతీ చుట్టూ గొర్రెలను కాసే కుక్కలు వరసగా పరిగెత్తాలి. నిరుడు గొర్రెలన్నీ అమ్మేసింది. ఆఖరిసారి కత్తిరించిన ఊలు మాత్రం ఉంచుకుని, వడకడానికిచ్చి దారం తెప్పించుకుంది. ఒక్క స్వెటర్‌కే వస్తుంది. తప్పు పడితే విప్పడానికి లేదు, మెత్తటి దారం, తెగిపోతుంది. అందుకే ముందు తెరమీద బొమ్మ చూడాలి. చూడకుండా మొదలుపెట్టను, ఇంక నా ఇంట్లో గొర్రె లేదు, అంది. మామూలుగానే అంది.

ఫోన్‌లోనే చెబుతూ, టెర్మినల్ తెరవమన్నాను. ఆ నల్ల కిటికీయా, అంది. అవును, అందులో ఎడిటర్ పేరు కొట్టండి. కొట్టింది. ఎడిటర్ తెరుచుకుంది. సర్వర్ లేచింది. కుక్కలు కనబడుతున్నాయట. నీ చేయి మంచిదే, అంది.

రోజంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

ఫిబ్రవరి 7

మళ్లీ చచ్చింది.

ఫిబ్రవరి 8

ఎక్స్‌టెన్షన్ ఎప్పటికప్పుడు రాసిపెట్టే లాగ్ పంపించమన్నాను. నోడ్ కనబడలేదు అని ఉంది అందులో. మా సర్వర్‌ను నడిపించేది ఆ నోడ్ ప్రోగ్రామే. పోయిన క్రిస్మస్‌కు దాన్ని నేనే నా చేతులతో పెట్టి వచ్చాను కదా. నల్ల కిటికీ తెరిచి నోడ్ పేరు కొట్టండి అన్నాను. కొట్టింది. నేనున్నాను అని జవాబిచ్చింది. సరే, అక్కణ్ణుంచే ఎడిటర్ తెరవండి అన్నాను. సర్వర్ లేచి కూర్చుంది.

నైరీ నవ్వింది. మా జిప్‌గాడూ ఇంతే, ఇంట్లో కుంటుతూ తిరిగేవాడు, పశువుల డాక్టర్ గేటు దాటి లోపలికి రాగానే గుర్రంలా పరిగెత్తేవాడు, అంది. జిప్ ఆమె కుక్క. పోయిన చలికాలం పోయాడు.

సియోనే మాత్రం సర్వర్ లేవడానికి టైమ్ చాలడం లేదు, ఇంకాస్త ఆగనిద్దాం అన్నాడు. అలాగే మార్చి పంపాం. ఇప్పుడు ఇంకాస్త ఆగి చస్తోంది.

ఫిబ్రవరి 9

ఫోన్‌లోనే నల్ల కిటికీ తెరిపించి, ఎక్స్‌టెన్షన్ తీసేసి మళ్లీ పెట్టించాను. పెట్టినప్పుడు బాగుంది. నైరీ టీ తాగి వచ్చేసరికి పోయింది. నోలీన్ అప్పుడే ఒక చెయ్యి అల్లేసిందట, అంది. నోలీన్ పక్క ఫార్మ్ ఆవిడ. ఏటా మొదటి బహుమతి ఆమెది, రెండోది మా అత్తగారిది. ఆ ఇద్దరి మధ్య ఇంతకాలంగా ఉన్నదాన్ని స్నేహం అనాలో ఏమనాలో నాకు తెలియదు.

రేపు వెళ్తాను. ఇక ఫోన్‌తో అయ్యే పని కాదు.

ఫిబ్రవరి 10, శనివారం

రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. నవ్వూ వస్తోంది.

దారిలో క్లింటన్ ఊరు దాటేసరికి వాన. నైరీ చీజ్ రోల్స్ వేడివేడిగా పెట్టింది. తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నేనేమీ చెప్పను, చెయ్యి కూడా పెట్టను, మీరు రోజూ ఎలా చేస్తారో అలా చెయ్యండి అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తెర కింద వరసలో ఎడిటర్ బొమ్మ, అదే ఐకాన్, ఉంది. దానిమీద నొక్కింది.

అంతే. సర్వర్ లేవలేదు.

నేను ఆ బొమ్మను ఎన్నడూ నొక్కలేదు. సియోనే నొక్కలేదు. మాకు తెలిసిన వాళ్లెవరూ నొక్కరు. పొద్దున లేచి టెర్మినల్ తెరుస్తాం, ఎడిటర్ పేరు అందులో కొడతాం, అదే అలవాటు. ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో ఆ చిరునామాలన్నీ టెర్మినల్ దగ్గరుంటాయి, అక్కణ్ణుంచి తెరిస్తే ఎడిటర్‌కూ అందుతాయి. బొమ్మ నొక్కి తెరిస్తే అందవు. నోడ్ ఎక్కడుందో దానికి తెలియదు, సర్వర్‌ను ఎవరూ లేపరు. రోగం చూద్దామని నేను నల్ల కిటికీ తెరిపించిన ప్రతిసారీ, నాకు తెలియకుండానే మందు వేసేస్తున్నాను. నేను ఫోన్ పెట్టేయగానే ఆమె మామూలు మనిషిలా బొమ్మ నొక్కుతోంది.

సియోనేకి ఫోన్ చేసి నీ బొమ్మ నొక్కు అన్నాను. ఏ బొమ్మ, అన్నాడు. వెతుక్కున్నాడు పాపం. నొక్కాడు. వాడి దగ్గరా సర్వర్ లేవలేదు. తర్వాత, అయితే మనం మనకోసమే చేసుకున్నామా ఇన్నాళ్లూ, అన్నాడు. అవును నాయనా అన్నాను.

వంటింటి బల్ల మీదే సరిచేశాను. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ ఎవరి దయా లేకుండా నోడ్‌ను తనే వెతుక్కుంటుంది. దొరక్కపోతే ఎక్కడుందో చెప్పండి అని మర్యాదగా అడుగుతుంది. నైరీ బొమ్మ నొక్కింది. కుక్కలు వచ్చాయి. మూసి మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చాయి. ఊరికే ఇంకోసారి నొక్కింది.

బయల్దేరుతుంటే టేపు తెచ్చి నా చెయ్యి కొలిచింది. ఎందుకని అడిగితే, షోలో స్వెటర్ తొడిగే బొమ్మ నీ అంతే ఉంటుందిలే, అంది.

ఇంత హాయిగా బండి నడిపి చాలా రోజులైంది.

ఫిబ్రవరి 17

వారంగా సర్వర్ ఒక్కసారీ మొరాయించలేదు. నైరీ డిజైన్ ఫైలు పంపింది, చూడు ఎలా ఉందో అని. చాలా బాగుంది. ఒక్కచోట ఎర్రగీత ఉంది. కుక్కలన్నీ ఒకవైపు పరిగెత్తుతుంటే, ఒకటి మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ఈ వరసలు మిగతావాటితో కలవడం లేదు అని సర్వర్ చెబుతూనే ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. గీత చూశాను, మీ సర్వర్ బ్రహ్మాండంగా ఉంది, ఇక దాని జోలికి రాకు, అంది.

గీత చూసి కూడా దిద్దుకోకపోవడం ఏమిటో అర్థం కాలేదు.

ఫిబ్రవరి 24, శనివారం

షో. ఎండ. గొర్రెల వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన.

నోలీన్‌కు మొదటిది. నైరీకి రెండోది. జడ్జి రాసిన కార్డు కూడా పక్కనే ఉంది. చెయ్యి తిరిగిన పని, ఒక కుక్క తప్పు దిక్కుకు తిరగకపోతే ఇదే మొదటిది అని. నోలీన్ ఆ కార్డు చదివి, మంచి కుక్కే, అని మాత్రం అనేసి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మీకు ముందే తెలుసు, గీత కనబడింది, రెండు నిమిషాల పని, ఇంత పంతం దేనికి అని అడిగేశాను.

నైరీ స్వెటర్ మడత సరిచేస్తూ చెప్పింది. వాడు జిప్ కదే. నేను చెప్పిన వైపు ఒక్కనాడన్నా చూశాడా. అందరూ గొర్రెల వెంట పోతే, నేనెక్కడున్నానో అని వెనక్కి తిరిగి నిలబడేవాడు. తక్కినవన్నీ పనికొచ్చే కుక్కలు, వాడొక్కడు నా కుక్క. తెరమీద మీ బొమ్మ లేకపోతే వాణ్ణి అలా తిప్పడం నా వల్ల అయ్యేది కాదు, చూడు, చెవి కూడా కుదిరింది, అంది.

నాకు ఏడుపొచ్చేసింది. ఆమెకు రాలేదు. రెండో బహుమతి రిబ్బన్ తీసి బ్యాగులో వేసుకుని, స్వెటర్ నా చేతిలో పెట్టింది. షోలో బొమ్మ కొలత అన్నారుగా అంటే, అంటాను మరి, అంది.

చేతులు సరిగ్గా సరిపోయాయి.

మార్చి 3

దక్షిణపు చలిగాలి. జిప్ ఉన్న స్వెటర్ వేసుకుని కూర్చున్నాను. ఎడిటర్ బొమ్మ మీద నొక్కాను. సర్వర్ లేచింది. జిప్ మాత్రం తలుపు వైపే చూస్తున్నాడు.