వంతెన కింద కొన్న బోర్డు

2005 సెప్టెంబర్ 10

నిశ్చయించుకున్నాను. నాకో కంప్యూటర్ కావాలి. షాపులో తయారుగా దొరికేది కాదు, నా చేత్తో నేను బిగించుకున్నది.

సిన్‌దియెన్ ఫ్యాక్టరీ లైన్లో కూర్చుని వయసంతా మదర్‌బోర్డులకే ధారపోశాను. ఏం లాభం? నా వాటాకి వచ్చింది బోర్డులో ఒక మూల. ఆ మూలలో కెపాసిటర్లు గుచ్చడం, పక్కావిడకి తోసెయ్యడం. మిగతా బోర్డుతో నాకు సంబంధం లేదు. చివరికి ఫ్యాక్టరీని చైనాకి ఎత్తుకుపోయి మమ్మల్ని ఇంటికి పంపేశారు. ఒక్క మెషీన్‌నైనా మొదటి నుంచి చివరి దాకా నేనే చెయ్యాలని అప్పటి నుంచీ ఉంది.

మా ఆయనకి చెబితే నవ్వాడు. అమ్మాయి పెయ్‌రోంగ్ తన పాత కంప్యూటర్ ఇచ్చింది కదా, అది చాలదా అన్నాడు. అది ఆన్ అయ్యేలోపు అన్నం ఉడుకుతుంది. ఆ మాటే అన్నాను. అయితే రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టు అన్నాడు.

మా ఆయన కున్‌మావ్ పిసినారి అని మా వీధిలో అందరికీ తెలుసు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కూరల బండి దగ్గర ఉల్లికాడలు ఊరికే పెట్టించుకోకుండా కదలడు. పెట్టాక మిరపకాయలు కూడా అడుగుతాడు.

సెప్టెంబర్ 11

గ్వాంగ్‌హ్వా వంతెన కింద కంప్యూటర్ పార్టులమ్మే కో అనే అతని దుకాణానికి వెళ్ళాం. నేను మోసపోతానని ఆయన కూడా వచ్చాడు. త్వరలో వంతెన పడగొడతారట. దుకాణాలవాళ్ళంతా సరుకు వదిలించుకునే తొందరలో ఉన్నారు.

కో వక్క నములుతూ మెనూ రాశాడు. పార్టుల లిస్టుని ఇక్కడ మెనూ అనే అంటారు. బోర్డు దగ్గర ఆగిపోయాం. చిన్న బోర్డు చవక. కానీ దాని సాకెట్‌కి ఇక కొత్త ప్రాసెసర్లు రావు, ర్యామ్‌కి రెండే స్లాట్లు. పెద్ద బోర్డుకి నాలుగు. ఇప్పుడు కొండెక్కి కూర్చున్న రెండు కోర్ల ప్రాసెసర్ ధర దిగాక దీన్లోనే పెట్టుకోవచ్చు.

నా లెక్క నాకుంది. బోర్డు మీద, పవర్ సప్లై మీద ఖర్చు పెట్టాలి. ప్రాసెసర్ చవకది చాలు. ర్యామ్ ఒక్కటి. గ్రాఫిక్స్ కార్డు అసలు వద్దు, బోర్డులో ఉన్నదే సరిపోతుంది. పునాది గట్టిగా వేసుకుంటే పై అంతస్తు నిదానంగా లేపుకోవచ్చు.

ఆయన చిన్న బోర్డు అన్నాడు. నేను పెద్ద బోర్డు అన్నాను. రేపటి అప్‌గ్రేడ్ కోసం ఈ రోజు డబ్బు పోసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళట. అరుచుకున్నాం. కో టీ కప్పు కడుక్కునే నెపంతో తప్పుకున్నాడు. ఏమీ కొనలేదు. స్కూటర్ ఎక్కి ఇంటికొచ్చేశాం.

కడుపులో మళ్ళీ మంట. అరిచినందుకేమో. పెయ్‌రోంగ్ హాస్పిటల్లో టెస్టులకి రాయించింది.

సెప్టెంబర్ 20

అల్సర్ అట. డాక్టర్ ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన బయటికొచ్చి అల్సరే, మందులు వాడితే పోతుంది అన్నాడు. తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సెప్టెంబర్ 21

ఈ రోజు ఆయన అంట్లు తోమాడు.

సెప్టెంబర్ 24

మళ్ళీ వంతెన కిందికి. ఈసారి పోట్లాటకి సిద్ధమయ్యే వెళ్ళాను. చెప్పాల్సిన మాటలన్నీ దారిలో పేర్చుకున్నాను.

నేను నోరు తెరవకముందే ఆయన పెద్ద బోర్డు ఇవ్వమన్నాడు. పవర్ సప్లై కూడా మంచిదే అన్నాడు. కో రేటు చెప్పాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. అంతే. తగ్గించమనలేదు. మౌస్ ఊరికే ఇవ్వమనలేదు. పక్క షాపులో ఇంతకే ఇస్తున్నారని అబద్ధమైనా ఆడలేదు. కో బిత్తరపోయి తనంతట తనే కొంత తగ్గించాడు.

బోర్డు డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. దాని మీద రంగురంగుల బొమ్మ. దాన్నే చూస్తూ అనుకున్నాను, ఇది అల్సర్ కాదు. అల్సర్ పెళ్ళాం కోసం ఈ మనిషి బేరం మానడు.

ఆలోచించుకుని వస్తానని డబ్బా కోకి ఇచ్చేశాను. ఏదీ కొనకుండానే వచ్చేశాం. దారిలో ఆయన రెండుసార్లు స్కూటర్ ఆపి, గాలి గట్టిగా కొడుతోందా అని అడిగాడు. నాకు భయంగా ఉంది. రాస్తుంటే కూడా భయంగానే ఉంది.

అక్టోబర్ 1

పెయ్‌రోంగ్ సెలవు పెట్టి వచ్చింది. జపాన్ యాపిల్స్ తెచ్చింది, ఒక్కొక్కటి పసిపిల్ల తలంత. తండ్రీ కూతుళ్ళు వంటింట్లో గుసగుసలు. నేను వెళ్తే ఇద్దరూ చేప పులుసు ఉప్పు గురించి మాట్లాడుకుంటున్నారు. పులుసు ఇంకా పొయ్యి మీదే పెట్టలేదు.

పరీక్ష పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు కూడా కొందాం అన్నాను. కొందాం అన్నాడు. పందొమ్మిది అంగుళాల ఫ్లాట్ స్క్రీన్ అన్నాను. సరే అన్నాడు. సోఫా మార్చేద్దాం, గోడలకి గులాబీ రంగు వేయిద్దాం అన్నాను. నీ ఇష్టం అన్నాడు. ఇంత కాపురంలో నా ఇష్టం ఇన్నిసార్లు ఎప్పుడూ చెల్లలేదు.

ఒళ్ళు మండింది. నా ఇంట్లో నన్ను చుట్టాన్ని చేసి కూర్చోబెట్టారు.

అక్టోబర్ 5

సెలైన్ ఎక్కించారు. బలానికి అన్నారు. పక్క మంచం ఆవిడ నా వైపు తిరిగి, మీది ఏ స్టేజి అని అడిగింది. ఆయన చటుక్కున కర్టెన్ లాగేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నిద్రపోతున్నాననుకుని నా దుప్పటి సర్దాడు.

ఆయన టీకి వెళ్ళినప్పుడు డాక్టర్ని అడిగాను. ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి అన్నాడు. ఇంట్లోవాళ్ళేమో డాక్టర్ అల్సరే అన్నాడంటారు.

అక్టోబర్ 9

నేనే అడిగెయ్యొచ్చు. అడిగితే ఆయన ముక్కలైపోతాడు. అడక్కపోతే నేను ఒక్కదాన్నే చచ్చిపోవాలి, పక్కన మనిషి ఉండి కూడా.

బోర్డు సంగతీ అంతే. నేను రెండేళ్ళుంటే పెద్దది. లేకపోతే చిన్నది, మిగిలిన డబ్బు ఆయన చేతిలో పెట్టాలి. ఎన్నాళ్ళో చెప్పకుండా మెనూ ఎంచుకోమంటే ఎలా?

అక్టోబర్ 15

అయిపోయింది. చెప్పించాను.

కో దగ్గరికి వెళ్ళి చిన్న బోర్డే ఇవ్వమన్నాను. కో ముఖం చిట్లించాడు. మొన్నటిదాకా పెద్దదాని కోసమే కదా అక్కా పోట్లాడావు, రెండేళ్ళు పోతే దీన్లో ఏమీ పెట్టుకోలేవు అన్నాడు.

“రెండేళ్ళ సంగతి నాకెందుకు? ఉన్నన్నాళ్ళు నడిస్తే చాలు,” అన్నాను. కో మొహం చూస్తూ అనలేదు. ఆయన మొహం చూస్తూ అన్నాను.

ఆయన బయటికి నడిచాడు. వెతుక్కుంటూ వెళ్తే పాత పుస్తకాల కొట్టు పక్కన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. జనం మానిటర్ డబ్బాలు మోసుకుంటూ మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోతున్నారు.

“అల్సర్ కాదు కదా,” అన్నాను.

“ఎవరు చెప్పారు?”

“నువ్వే. బేరం మానేశావు.”

ఆయన తల మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అలాగే చెప్పాడు. కడుపులో మొదలై లివర్‌కి పాకిందట. వచ్చే వేసవి చూడటం కష్టం అన్నాడట డాక్టర్. చెప్పాలో వద్దో మీ ఇష్టం అన్నాడట. తెలియకపోతే నేను భయపడనని ఈయన అనుకున్నాడట. భయం నన్ను ఎప్పుడో పట్టుకుంది, పంచుకోవడానికి మనిషే లేకపోయాడు అన్నాను. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ పుస్తకాల కొట్టువాడు రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చి వేసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, అయితే చిన్న బోర్డే తీసుకుందాం పద అన్నాను. లెక్క తేలిపోయింది కదా.

“లేదు. పెద్దదే,” అన్నాడు.

“ఎవరికయ్యా పెద్దది?”

“నాకు.”

“నీకు స్విచ్ వెయ్యడమే రాదు.”

“నేర్పు. నువ్వు పోయాక ఆ ఇంట్లో కూర్చుని గోడలు చూడమంటావా? విప్పి బిగించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదే.”

ఆయన చెయ్యి పట్టుకుని లేపాను. లోపలికి వెళ్ళాం. ఈసారి ఆయన కోని పీల్చి పిప్పి చేశాడు. కేబినెట్ మీద గీత ఉందన్నాడు. కేబుల్స్ ఊరికే ఇవ్వాలన్నాడు. మౌస్ ఇచ్చాక, కీబోర్డు లేని మౌస్ ఏం చేసుకోవాలన్నాడు. కో చేతులు జోడించాడు. వింటూ నేను ఎంత సుఖపడ్డానో ఎవరికి చెప్పను?

అక్టోబర్ 16

మొత్తం నేనే బిగించాను. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పెట్టుకున్నాను. ప్రాసెసర్ దానంతట అదే సాకెట్లో దిగింది. దాని మీద వేడి లాగే పేస్టు బియ్యపు గింజంత. ఫ్యాన్, ర్యామ్, డిస్కు, వైర్లు. ఈసారి పక్కావిడకి తోసెయ్యలేదు. స్విచ్ వేస్తే ఒక్క బీప్, తెర వెలిగింది.

సంతోషం నిజమే. వెనకాలే దుఃఖం కూడా వచ్చి కూర్చుంది. ఇంత తేలికైన పనిని ఇన్నాళ్ళు ఎందుకు వాయిదా వేశాను?

పెయ్‌రోంగ్‌కి ఫోన్ చేసి నాకు తెలుసని చెప్పాను. అటు నుంచి ఏడుపు. ఇంకోసారి ఆ యాపిల్స్ తేకు, ఖరీదు ఎక్కువ, రుచి తక్కువ అన్నాను. అప్పటికి నవ్వింది.

అక్టోబర్ 23

మొత్తం విప్పేసి ఆయన ముందు పెట్టాను. ఇక నువ్వు బిగించు అన్నాను.

ర్యామ్ నొక్కమంటే పిల్లి తల నిమిరినట్టు నిమురుతాడు. విరిగిపోతుందేమో అంటాడు. గట్టిగా నొక్కు, బస్సు హారన్ అనుకో అన్నాను. ప్రాసెసర్ పక్కన పెట్టే చిన్న పవర్ ప్లగ్ మర్చిపోయాడు. ఫ్యాన్ తిరిగింది, తెర వెలగలేదు. నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

నవంబర్ 13

కీమో మొదలయ్యాక జుట్టు రాలుతోంది. కేబినెట్లో పడుతుందని తలకి గుడ్డ కట్టుకుని పాఠం చెప్పాను.

ఆయనకి ప్రతి స్క్రూకీ ‘ఇదేనా’ అని అడగడం అలవాటైంది. బస్సు నడిపినన్నాళ్ళు దారి ఎవర్నీ అడగని మనిషి ఇంట్లో ఉప్పు ఎక్కడుందో, సాక్స్ ఎక్కడున్నాయో నన్నే అడిగాడు. తప్పు ఆయనదే కాదు. అడిగినప్పుడల్లా చెప్పాను. చెప్పడం నాకూ బాగుండేది.

డిసెంబర్ 4

బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నాను. మంచం మీంచే పాఠాలు. ఆయన పక్క గదిలోంచి అరుస్తాడు, ఇది ఎటు తిప్పాలే అని. కుడికి అంటాను. నా కుడా నీ కుడా అంటాడు. ఇద్దరికీ కుడి ఒక్కటే ముసలాయనా అంటాను.

చచ్చిపోవడం కన్నా నాకు ఎక్కువ భయం వేసేది ఒకటుంది. ఒక రోజు ఇలాగే అరుస్తాడు. ఇటు నుంచి జవాబు ఉండదు. అప్పుడు ఆ మనిషి చేతిలో స్క్రూడ్రైవర్‌తో ఎంతసేపు అలా నిలబడిపోతాడో.

డిసెంబర్ 5

పొద్దున ఉప్పు ఎక్కడుందని అడిగాడు. తెలియదు అన్నాను.

డిసెంబర్ 25

అన్నీ తెలియదనే అంటున్నాను. కోపం వచ్చింది ఆయనకి. నేనేం తప్పు చేశాను, ఎందుకు మాట్లాడవు అన్నాడు. చెప్పాలనిపించింది. చెబితే మళ్ళీ నన్నే అడుగుతాడు. అటు తిరిగి పడుకున్నాను. ఇంత కష్టమైన పని నేను లైన్లో కూడా చెయ్యలేదు.

2006 జనవరి 8

ఆయన చెప్పకుండా వెళ్ళి వంతెన కింద నుంచి ఇంకో ర్యామ్ కొనుక్కొచ్చాడు. కో అప్పుడే సగం దుకాణం మూటలు కట్టేశాడట. ఏ మోడల్ కొనాలో నన్ను అడగలేదు. కోని అడిగాడట. బేరం ఆడాడట.

మంచిదే అన్నాను. ఆయన అటు వెళ్ళాక ఏడ్చాను. ఇలా జరగాలనే కదా ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. జరిగితే ఇలా ఉంటుందని తెలియదు.

జనవరి 12, మధ్యాహ్నం మూడు

పక్క గదిలో కేబినెట్ విప్పుతున్నాడు. పిలుస్తాడని చూశాను. పిలవలేదు.

నేను లేనట్టే పడుకుని విన్నాను.

స్క్రూ ఒకటి కింద పడింది. తిట్టుకున్నాడు. బల్ల జరిపాడు. చాలాసేపు చప్పుడు లేదు. నోరు తెరవబోయి ఆగాను.

దొరికింది కాబోలు, బిగిస్తున్నాడు.