తూములకు వేసిన నీలం రంగు

జూన్ 6

వేట మొదలయ్యే రోజు దగ్గరపడింది. బోటును ఉప్పుటేరులోకి దింపి చూశారు. కొత్త ఇంజను బాగా బరువు. వెనక భాగం కిందికి దిగిపోయింది. డెక్కు మీది నీళ్ళు బయటకు పోవాల్సిన తూముల్లోంచి బయటి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఊరికే నిలబడి ఉండగానే ఈయన మడమలు తడిశాయి.

పోయిన సీజనంతా ఇలాగే. ఆ నీళ్ళలో నిలబడి నిలబడి కాలి వేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. వేట నిషేధం పుణ్యమా అని ఇప్పుడిప్పుడే మానుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు... ఇంజను మీద.

జూన్ 7

మరిది సింహాచలం సలహా: "గుడ్డలు కుక్కేద్దాం అన్నియ్యా, పీడా పోతాది."

ఈయనది ఒకటే మాట. "కెరటం పైనుంచి ఎక్కితే ఆ నీళ్ళు ఎటు పోతాయిరా? డెక్కు నిండితే బోటు తిరగబడిపోదేటి?"

అన్నం ముందు పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ అరుచుకున్నారు. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ గమనించలేదు, అదొక్కటే లాభం.

జూన్ 8

ఈయన అనకాపల్లి వెళ్ళి పంచరు షాపులో పాత లారీ ట్యూబు పట్టుకొచ్చాడు. ముక్కలు కోసి తూములకు బయటివైపు తగిలించారు. పై అంచు బిగించి కింది అంచు వదిలేశారు. లోపలి నీళ్ళు తోస్తే రబ్బరు లేచి దారి ఇస్తుంది. బయటి నీళ్ళు కొడితే మూసుకుంటుంది. పరీక్ష నేనే చేశాను. లోపల బకెట్టు పోశాను, పోయాయి. బయటి నుంచి విసిరికొట్టాను, చుక్క వెళ్ళలేదు.

"ఏటే, ఇంజినీరుగోరి పెళ్ళాన్నని సెప్పుకుంటావా?"

చెప్పుకోను, ముందు ఆ ట్యూబు కంపు కడుక్కుని రా అన్నాను. కానీ మనసులో మాత్రం... సరే, కాస్త గర్వంగానే ఉంది.

నూకరాజు మామ వచ్చి చూసి వెళ్ళాడు. ఒడ్డున మా బోటు పక్కదే ఆయన బోటు. తనూ ట్యూబు తెస్తాడట.

జూన్ 11

గంగమ్మ పూజకు బోట్లన్నిటికీ రంగులు. అత్త మా బోటు చుట్టూ తిరుగుతూ పొద్దుటి నుంచీ పురమాయింపులేనట. అమ్మవారి ముందు పాతదేదీ కనపడకూడదు. "ఆ నల్ల ముక్కలేట్రా దరిద్రంగా? ఆటికీ ఏసెయ్ రంగు."

నేను అచ్యుతాపురంలో పని ముగించుకుని కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి సింహాచలం రబ్బర్లకు కూడా నీలం కొట్టేశాడు. రెండు కోటింగులు. ఎండకు అప్పుడే ఆరిపోయింది. నూకరాజు మామ తన రబ్బర్లకూ వేస్తానని డబ్బాలో మిగిలిన రంగు అడిగి పట్టుకెళ్ళాడు.

"బాగుందా వదినా?"

బాగుంది అన్నాను. నిజంగానే కొత్త బోటులా ఉంది.

జూన్ 13

పూజ. పసుపు, కుంకుమ, సాంబ్రాణి. కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది. అత్తను పట్టలేం ఇంక.

జూన్ 15

మొదటి వేట. చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేశారు. సముద్రం మెత్తగా ఉందట. తూముల్లోంచి చుక్క కూడా రాలేదట. వల దగ్గర కాస్త నీరు నిలిస్తే సింహాచలం మగ్గుతో తోడి పోశాడట.

ఈయన పొడి కాళ్ళతో ఇంట్లోకి వచ్చాడు. గడపలో కూర్చోబెట్టి చూశాను— వేళ్ళ మధ్య కొత్త చర్మం. ఈ మనిషి కాళ్ళు చూసి సంతోషపడే రోజు వస్తుందనుకోలేదు.

జూన్ 18

ఐసు వేసుకుని దూరం వెళ్ళారు. ఈయన, సింహాచలం, ఇంకో ఇద్దరు. రెండు మూడు రోజులన్నారు. ఆకాశం నాకు నచ్చలేదు. చెప్తే, "నీకు నచ్చిన ఆకాసం ఎప్పుడొచ్చిందే?" అని నవ్వాడు. దేనికైనా నవ్వే.

జూన్ 19

రాస్తే భయం తగ్గుతుందేమో.

నూకరాజు మామ పొద్దున్న వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు. ఒడ్డు దాటగానే పెద్ద కెరటం డెక్కు మీదికి ఎక్కిందట. మోకాలి లోతు నీళ్ళు. ఒక్క తూములోంచీ పోలేదు.

"రంగు ఆరి రబ్బరు బోటుకి అతుక్కుపోనాదమ్మా. తన్నినా ఊడలేదు. సేపలు కోసే కత్తెట్టి కోసి పారేసేను. ఒడ్డు దగ్గిర కాబట్టి సరిపోనాది."

నా ముఖం చూశాడు. "మీ బోటుకి కూడా..."

మా బోటుకే ముందు వేశాం. చుక్క రాలేదని మురిసిపోయాం. రావడం లేదు. పోవడమూ లేదు.

అదే రోజు, సాయంత్రం

ఫోను అందడం లేదు. అంత దూరంలో ఎలా అందుతుంది? అయినా చేస్తూనే ఉన్నాను. వైర్‌లెస్ సెట్టు కొందాం కొందాం అంటూనే ఉన్నాడు.

బోటు మునుగుతుందేమోనని అత్తకు చెప్పాను. "బోటు నీట్లో ఉండగా ఆ మాట నోట్లోంచి రానీకే. అమ్మోరు ఇంటాది." విననీ. విని ఏదో ఒకటి చెయ్యనీ. గట్టిగానే అన్నాను. పెళ్ళయి వచ్చాక ఆవిడ మీద అరవడం ఇదే మొదలు. ఆవిడ వెళ్ళి అమ్మవారి పటం ముందు కూర్చుంది. అది చూస్తే ఇంకా భయమేసింది.

నూకరాజు మామను వాళ్ళ కోసం వెళ్ళమని అడిగాను. "గాలి సూసేవా?" అన్నాడు. చూశాను. అందుకే అడుగుతున్నాను. ఎవరో ఒకరు వాళ్ళకు చెప్పాలి. ఒక్క కత్తి చాలు. కత్తి వాళ్ళ దగ్గరే ఉంది. సంగతే తెలియదు.

జూన్ 20

మామ తెల్లారుతూనే బయల్దేరాడు. ఆయన భార్య నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమెను ఏమీ అనలేను. ఆమె మొగుణ్ణి ఆ గాలిలోకి పంపింది నేనే.

కంపెనీకి వెళ్ళలేదు. సూపర్‌వైజరు ఫోను చేసింది, లైను బిజీ అవుతుందని కట్ చేశాను.

మధ్యాహ్నం

గాలి.

సాయంత్రం

అత్త అన్నం ముట్టలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆవిడ ఏడుస్తుంది. ఆవిడ మీద జాలిపడే ఓపిక ఇవాళ నాకు లేదు.

జూన్ 21

మామ వచ్చాడు. ఒడ్డు దాకా ఎదురెళ్ళాను.

"కనబడ్డారమ్మా. నిన్న పొద్దు వాలుతుండగా. మద్దిలో ఆళ్ళ వల ఏసుంది. దగ్గిరికెల్తే నా ఇంజను ఫ్యానుకి సుట్టుకుంటాది. అక్కణ్ణుంచే అరిసేను, రబ్బర్లు కోసీండ్రా అని. కత్తి ఎత్తి సూపించేను. ఎదురుగాలి, ఇంజను మోత. సింహాచలం సెయ్యూపేడు."

విన్నాడా?

"సెయ్యయితే ఊపేడు."

మరి ఈయన?

"అటు తిరిగి వల లాగతన్నాడు."

అంతలోనే చీకటి పడిందట. కెరటం పెరిగిందట. ఇంకేం కనపడలేదట. మామ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకొక్కసారి అడిగితే నా కోసం అబద్ధం చెప్పేలా ఉన్నాడు. అందుకే అడగలేదు.

చెయ్యి ఊపాడంటే విన్నట్టేనా...

సింహాచలం అందరికీ చెయ్యి ఊపుతాడు. మా కంపెనీ బస్సు వెళ్తుంటే ఊపుతాడు, అందులో నేనున్నా లేకపోయినా.