ఎరుపు-14, దాని అన్నదమ్ములు

నారాయణపేట,
4 ఆగస్టు 2021

ప్రియమైన నవీన్‌కు,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను క్షేమం, ఇక్కడి జూనియర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతున్నాను. బాపు క్షేమం కాదు. ఎందుకు కాదో నువ్వే తేల్చి సంతకం చేశావు కనుక నీకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఫైలు సంపూర్ణంగా ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

బాపు ఇరవై రెండేళ్లుగా ఇక్కడి అద్దకం కార్ఖానాలో చీరల నూలుకు రంగు వేస్తున్నాడు. పోయిన ఏడాది మీ కంపెనీ ‘ఎరుపు-14’ అనే కొత్త పొడి పంపింది. డబ్బా మూత తీసి పొడి తూచేది బాపే. మూడు నెలల్లో ఆయాసం పట్టుకుంది. కంపెనీకి ఫిర్యాదు రాస్తే జవాబుగా పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. చివరి పేజీలో నీ సంతకం ఉంది. ఎమ్మెస్సీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసిన రోజుల నాటి సంతకమే, వంకర కూడా మారలేదు.

నివేదిక తేల్చినవి రెండు. ఎరుపు-14ను ఎవరూ పరీక్షించలేదు. అయితే దాని అణువు ఎరుపు-9 అణువును పోలి ఉంది, 9 వల్ల ఎవరికీ హాని కలగలేదు, కాబట్టి 14 సురక్షితం. సోమన్న అనే కార్మికుణ్ణి, అంటే మా నాన్నను, కూడా ఎవరూ పరీక్షించలేదు. అయితే వేరే జిల్లాలో ఆయన వయసు వాళ్లను, ఆయన పని చేసేవాళ్లను చూశారు, వాళ్లు బీడీలు తాగుతారు, కాబట్టి సోమన్న ఆయాసానికి కారణం బీడీ.

చదివి వినిపించాను. "నేనెన్నడన్న బీడీ ముట్టిన్నా?" అని అమ్మను అడిగాడు బాపు.

"ముడితె ఇంట్లకు రానిస్తుంటినా" అంది అమ్మ.

కాసేపటికి నాతో అన్నాడు: "గా నవీన్ మనింట్ల అన్నం తిన్న పిలగాడే గదా బిడ్డా. నన్ను కండ్లార సూసిండు గదా. మల్ల ఎవలినో సూసి నా మీద రాసుడేంది?"

ఈ ప్రశ్నకు పక్షం రోజుల్లో జవాబు కావాలి. నివేదిక వెనక్కి తీసుకుంటే అదే జవాబు.

ఇప్పటికి స్నేహంతోనే,
మెర్సీ

హైదరాబాద్,
30 ఆగస్టు 2021

ప్రియమైన మెర్సీ,

పక్షం రోజులు దాటినందుకు మన్నించు. మా విభాగంలో పక్షం అంటే కొంచెం పెద్దది.

ప్రతి పదార్థాన్నీ విడిగా పరీక్షించాలంటే ఏళ్లు పడుతుంది, వేల ఎలుకలు చస్తాయి. తెలిసినదాన్ని బట్టి, దాన్ని పోలిన తెలియనిదాన్ని అంచనా వేయడం లోకమంతా ఒప్పుకున్న పద్ధతి. ఎలుకలు బతికినందుకు నీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. బీడీ సంగతి సోమన్న బాపును ఉద్దేశించి రాసింది కాదు, గణాంకాలను ఉద్దేశించి రాసింది. ఆయన తాగకపోవడం వల్ల గణాంకం మారదు.

నీ అనుమానం తీర్చడానికి మరో పని కూడా చేశాను. మా కంపెనీ అమ్మే తొమ్మిది రంగులూ ఒకే కుటుంబమనీ, అన్నదమ్ముల వంటివనీ, వాటిలో ఏ ఒక్కదాని ఫలితమైనా మిగతా ఎనిమిదింటికీ వర్తిస్తుందనీ ఒక పట్టిక తయారుచేసి సంతకం, ముద్ర వేశాను. ఇకమీదట ఏ రంగు గురించి ఎవరు అడిగినా అదొక్కటి చూపిస్తే చాలు. డైరెక్టర్ గారు చాలా మెచ్చుకున్నారు.

ఒక మనిషి దగ్గు సమాచారం కాదు మెర్సీ. అది దగ్గు మాత్రమే. బాపును ఆవిరి పట్టమను.

నీ మేలు కోరే
నవీన్

నారాయణపేట,
17 జనవరి 2022

ప్రియమైన నవీన్‌కుమార్ గారికి,

ఒక మనిషి దగ్గు సమాచారం కాదన్న తమ అభిప్రాయాన్ని గౌరవించి పదకొండు మందిని సమకూర్చుకున్నాను. అందరూ ఆ కార్ఖానా వాళ్లే. ఊపిరి ఎంత బలంగా వదలగలరో కొలిచే ప్లాస్టిక్ గొట్టం ఒకటి కొన్నాను. పద్నాలుగు వారాలుగా పనికి ముందు ఒకసారి, పని తరువాత ఒకసారి, సెలవు రోజైన ఆదివారం కూడా ఊదిస్తున్నాను.

సహకారం బాగానే ఉంది. "రొండు పూటల ఊదుమంటవు, తాగి బండి నడిపినోళ్లను పోలీసోళ్లు పట్టుకున్నట్టున్నది" అని లక్ష్మీనర్సమ్మ విసుక్కుంటే, "నువ్వు భయపడకక్కా, దొరికితె నేనే దొరుకుత" అని ఐలేశం ఆమె చేతిలో గొట్టం పెట్టాడు.

ఫలితాలు ఇంకా సరిచూస్తున్నాను. వాటితో తమ సమయం వృథా చేయను. తమరు తయారుచేసిన కుటుంబ పట్టిక నకలు ఒకటి పంపగలరా? పోలిక పద్ధతి ఎంత దూరం పోగలదో పదిమందికి చెప్పవలసిన అవసరం ఏర్పడింది. ప్రతి పేజీ మీద తమ సంతకం ఉంటే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

తమ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకుంటున్న
మెర్సీ

హైదరాబాద్,
2 ఫిబ్రవరి 2022

ప్రియమైన మెర్సీ,

నీ కోపం చల్లారినందుకు నిజంగా సంతోషం. పట్టిక పంపుతున్నాను. ప్రతి పేజీ మీదా సంతకం చేశాను. అట్ట మీద కూడా చేశాను. నీ విద్యార్థులకు అర్థం కాకపోతే చెప్పు, వచ్చి ఒక ఉపన్యాసం ఇస్తాను.

నీ మిత్రుడు,
నవీన్

హైదరాబాద్,
9 మే 2022

ప్రియమైన మెర్సీ గారికి,

‘గారు’ అనక నాకూ తప్పడం లేదు.

మొన్నటి విచారణలో ప్రభుత్వ భద్రతా కమిటీ ముందు మీరు చదివినదంతా విన్నాను. ఆదివారం చర్చిలో సోమన్న కీర్తన మూడు చరణాలూ పాడతాడు. బుధవారానికి మెట్టెక్కి ఆగుతాడు. శనివారం కూతురి పేరు ఒక్క ఊపిరిలో పిలవలేడు. పదకొండు మందిలో ఏడుగురి అంకెలు అలాగే పడ్డాయి. పొడి అందక ఎరుపు-14 ఆగిపోయిన రెండు వారాలు మాత్రం ఎవరివీ పడలేదు. ఎరుపు-14 నిషేధానికి సిద్ధపడే వచ్చాను, కాదనను.

కానీ మీరు అంతటితో కూర్చోలేదు. నా పట్టిక తీసి, "ఏ ఒక్కదాని ఫలితమైనా మిగతా ఎనిమిదింటికీ వర్తిస్తుంది" అని నిదానంగా రెండుసార్లు చదివారు. అధ్యక్షులు నన్ను అడిగింది ఒక్కటే: "ఈ సంతకం మీదేనా?" తొమ్మిది రంగులూ ఆగిపోయాయి. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. వరండాలో బల్ల వేశారు.

అది సరే. పసుపు-3 ఏం చేసింది? ఏళ్ల తరబడి దాన్ని వాడినా అక్కడ ఎవరూ దగ్గలేదు. దాన్ని మీరు కొలిచారా? 14ను చూసి 3 మీద చెప్పారు. నేను చేసింది కూడా అంతే కదా? రంగులు లేక కార్ఖానాకు తాళం పడిందని, పదకొండు మందీ ఇళ్లలో కూర్చున్నారని విన్నాను. బాపు ఏమంటున్నాడు?

ఒకప్పటి మిత్రుడు,
నవీన్‌కుమార్

నారాయణపేట,
20 జూన్ 2022

ప్రియమైన నవీన్‌కుమార్ గారికి,

బాపు ఏమంటున్నాడని అడిగారు. ఉత్తర్వు చదివి వినిపించిన రోజే అన్నాడు: "ఎర్రది జేసిన తప్పుకు పసుపుదాన్ని ఎందుకు కట్టేసినవ్ బిడ్డా? గా పిలగాడు నన్ను సూడకుంట రాసిండు, నువ్వు దాన్ని సూడకుంట రాసినవ్. ఇద్దరొక్కటే బడిల సదివిండ్రు గదా." ఇంత మాటా ఒక్క ఊపిరిలో అన్నాడు. దాన్ని కూడా నమోదు చేశాను.

నేను తెలియక చేయలేదు. కమిటీ గదిలోకి అడుగు పెడుతున్నప్పుడే పసుపు-3 గుర్తుంది. 14 ఒక్కటి ఆగితే మీవాళ్లు 15 పంపుతారు, మీరు దానికీ ఒక పోలిక వెతుకుతారు. తొమ్మిదీ ఆగితే తప్ప మీకు నొప్పి తెలియదు. అయితే ఆ నొప్పి మా వీధికి కూడా వచ్చింది. లక్ష్మీనర్సమ్మ ఎదురుపడి, "ఊపిరి ఇచ్చినవ్, పని గుంజుకున్నవ్. గా ఊపిరితోనే కూసోని నిన్ను తిడుతున్న" అంది. ఆమె తిట్టు పొడవును బట్టి చూస్తే కోలుకున్నట్టే.

కాబట్టి కమిటీకి రెండో అర్జీ పెట్టాను. పసుపు-3ను పోలికతో కాక నిజంగా పరీక్షించాలి. అదే కార్ఖానాలో, అదే గొట్టంతో, ఆరు వారాలు. మా పదకొండు మందిని ఆ పొడి దగ్గరికి రానివ్వకూడదు. వాళ్ల ఊపిరితిత్తులు ఇదివరకే ఒకసారి శాస్త్రానికి ఉపయోగపడ్డాయి. పొడి తూచే పనికి ఆరోగ్యవంతుడు, బీడీ అలవాటు లేనివాడు, ఆ పదార్థం సురక్షితమని మనస్ఫూర్తిగా నమ్మినవాడు కావాలని రాశాను. కమిటీ ఒప్పుకుంది. మీ డైరెక్టర్ గారు అదే రోజు ఒక పేరు సిఫారసు చేశారు. వరండా ఖాళీ అవుతుందని కూడా అన్నారట.

ఉత్తర్వు దీనితో పంపుతున్నాను. అంగీకారం అని ఉన్నచోట సంతకం పెట్టండి, అది మీకు అలవాటైన పనే. కాదనే హక్కు మీకుంది. కాదంటే కారణం రాయాలి. పసుపు-3 మీద మీకే నమ్మకం లేదని రాయడం తప్ప వేరే కారణం నాకు తోచలేదు. మీకేమైనా తోస్తే చూడండి.

జులై 4, సోమవారం, ఉదయం ఎనిమిదికి మొదలు. గొట్టం నేనే పట్టుకుంటాను. అంకె నేనే రాస్తాను. ఎంత ఉంటే అంతే రాస్తాను, దాని గురించి మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

మీ అంకె పడిపోకపోతే కార్ఖానా తాళం తీస్తారు, పదకొండు మందికీ పని దొరుకుతుంది. అందుకని ఇక్కడ అందరూ మీ ఊపిరి చల్లగా ఉండాలని కోరుకుంటున్నారు. ఐలేశం కొబ్బరికాయ మొక్కుకున్నాడు. నిన్న చర్చిలో బాపు లేచి, మీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పి ప్రార్థన చేయించాడు. అందరూ ఆమెన్ అన్నారు.

నేను ఇంకా అనలేదు.

ఇట్లు,
మెర్సీ