మనుషులు లేని ప్లాట్‌ఫారం

ఆదివారం, రాత్రి

ప్రభువా, ఇవాళ కూడికలో గంటన్నర గొంతు చించుకుని ప్రసంగించాను. ఇంటికొస్తే బిడ్డ అడిగిన ఒక్క మాటకు నోరు పెగల్లేదు.

మెర్సీ తన బట్టలు తీసుకుపోవడానికి వచ్చింది. నల్లగండ్లలో గది కిరాయికి తీసుకుందట, ఇగ అక్కడే ఉంటుందట. ఈ ఇంట్లో ప్రసంగాలే తప్ప మాటలు లేవట. పోతూ పోతూ నా బొమ్మ రైలు బల్ల దగ్గర ఆగింది. లింగంపల్లి స్టేషన్, పట్టాలు, సిగ్నళ్లు, చెట్లు, అన్నీ ఏళ్ల తరబడి నా చేత్తో కట్టినవే.

"ఇప్పటికీ ఒక్క మనిషి లేడేంది డాడీ? గీ రైలు ఎవరి కోసం ఆగుతది?"

తనకు ఎనిమిదేళ్లప్పుడు మెర్సీ మట్టితో తన బొమ్మ చేసి ఆ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టింది. విగ్రహాలు చేయొద్దన్న ఆజ్ఞను అరిచి చెప్పి, దాని కళ్లముందే నలిపేశాను. ఇవాళ కూడా ఆ ఆజ్ఞే ఎత్తుకోబోయాను.

"వాక్యం వద్దు డాడీ. నువ్వు చెప్పు."

చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని రైళ్లు చూపించిన స్టేషన్ కాబట్టే కట్టానని చెప్పలేకపోయాను. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా చేతిలో మట్టి ముద్ద ఉంది. ఇది పాపమో కాదో నిన్ను అడగను ప్రభువా. ఎనిమిదేళ్లప్పుడు మెర్సీ నా నడుము దాకా వచ్చేదా, ఛాతీ దాకానా...