తాంతీ లియోరా రెండో చరణం

గ్రెన్విల్, గ్రెనడా
1986 మార్చి 3

నా ప్రియమైన ఎనీడ్,

నీ ఉత్తరం నిన్నటి పడవలో అందింది. మీ అమ్మ, నాకు పిన్నిలాంటి మన తాంతీ లియోరా, పోయి మూడేళ్లయిందనీ, సమాధి రాయి చెక్కడం పూర్తయి ఇంటికి చేరిందనీ, ఈస్టరు తర్వాతి శనివారం డప్పులు పెట్టి దాన్ని నిలబెడతారనీ రాశావు. "అమ్మ నిన్ను కూతురిలా చూసింది, రాకుండా ఉండకు" అన్నావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నేను రాలేను. ఎందుకో చెప్పకుండా ఇంక ఉండలేను.

మన కారియాకూ దీవిలో ప్రతి ఇంటికీ ఒక జాతి ఉంది కదా. ఓడల్లో తెచ్చి అమ్మిన మన ముత్తవ్వలు ఆఫ్రికాలో ఏ జాతివాళ్లో, డప్పుల విందులో ఆ జాతి పాట వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లు లేచి ఆడతారు. క్రోమాంతీ వాళ్లు లేచేవారు, ఇగ్బో వాళ్లు లేచేవారు. మీది తెమ్నే కాబట్టి నువ్వు గౌను సవరించుకుని లేచేదానివి. నేను బల్ల మీదే కూర్చునేదాన్ని. మా నాన్న ఎక్కడినుంచో పడవలు కట్టడానికి వచ్చినవాడు. అమ్మను పెంచినవాళ్లకు ఏమీ గుర్తు లేదు. "నీ జాతేమిటే కాలిస్టా, పడవ అడుగున పట్టిన నాచా?" అని మీ మేనమామ ఒకసారి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు.

తెమ్నే పాట మొదటి చరణం ఊళ్లో అందరికీ వచ్చు. రెండోది తాంతీ లియోరా నోటనే వినాలి. మొక్కజొన్న పిండి కలియబెడుతూ ఆమె పాడుకునేది. నువ్వు బయట ఆడుకుంటుంటే నేను వంటింట్లో కూర్చుని విని నేర్చుకున్నాను. ఆమె ఎప్పుడూ పొమ్మనలేదు.

నేను బడిలో టీచరుగా కొత్తగా చేరిన ఏడాది, పాత పాటలు సేకరించే ఆయన రికార్డు చేసే యంత్రంతో వచ్చి, ఎవరిని కలవాలని నన్ను అడిగాడు. తాంతీ దగ్గరికి తీసుకెళ్లాల్సినదాన్ని. నాకే వచ్చన్నాను. రెండు చరణాలూ పాడాను. ఎవరింటి పాట అని అడిగితే, "మాదే, మేం తెమ్నే వాళ్లం" అన్నాను. నోరు తడబడలేదు కూడా.

అది నా పేరుతో రేడియోలో వచ్చింది. ఆ తర్వాతి విందులో తెమ్నే డప్పు మోగగానే కొందరు నావైపు చూశారు. లేచాను. తాంతీ మొదటి చరణం పాడి, నన్ను చూసి, అక్కడితో ఆపేసి కూర్చుంది. మళ్లీ ఏ విందులోనూ ఆమె నోరు విప్పలేదు. అడిగితే "గొంతు పోయింది బిడ్డా" అంది. రేవులో చేపలు బేరమాడితే కొండ అవతలికి వినిపించే గొంతు అది. ఆ ఏడాదే బదిలీ అడిగి ఇక్కడికి వచ్చేశాను. పందొమ్మిదేళ్లుగా నీ పిల్లలకు నేను పంపే బట్టల్లో ప్రేమ కొంతే, మిగతాదంతా భయం.

ఆమె పాట ఆపించినదాన్ని, ఆమె రాయి దగ్గర ఏ ముఖంతో నిలబడను?

నీ స్నేహానికి తగని,
కాలిస్టా

లెస్టేర్, కారియాకూ
మార్చి 14

కాలిస్టా,

ఏదో కొత్త సంగతి చెప్పినట్టు రాశావు. ఊళ్లో పెద్దలందరికీ తెలుసు. రేడియోలో వచ్చిన రోజే మామయ్య కర్ర పట్టుకుని మీ ఇంటికి బయల్దేరాడు. అమ్మే గుమ్మానికి అడ్డం నిలబడి ఆపింది. విందు అయిన మర్నాడు నేను అమ్మతో పోట్లాడాను. రెండో చరణం నువ్వే పాడి, అది మనింటిదని అందరికీ చూపించి, ఆ దొంగను కూర్చోబెట్టమన్నాను. అమ్మ చేపలు తోముతూనే ఏమందో తెలుసా?

"ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లేచింది. నేను నోరు విప్పితే మళ్లీ కూర్చోవాలి. మన ముసలమ్మలు ఆ పాటను సముద్రం దాటించింది ఒకరిని కూర్చోబెట్టడానికా?"

గొంతు పోయిందని నీకు చెప్పింది అందుకే.

అమ్మ అంత మంచిది. నేను కాదు. నాకు ఇప్పటికీ కోపమే. అమ్మ నోరు మూసుకుంది, నేను నేర్చుకోకుండానే మిగిలాను. మొన్న నా కూతుళ్లు రెండో చరణం అడిగితే నాకు నాలుగు ముక్కలు కూడా రాలేదు. ఆ రికార్డు కోసం అడిగించాను, ఎక్కడుందో ఎవరికీ తెలియదట. ఇవాళ ఆ చరణం నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. నిన్ను రమ్మన్నది అందుకే. అమ్మ నిన్ను కూతురిలా చూసిందన్న మాట అబద్ధం కాదు గానీ, అసలు కారణం నేనూ దాచాను.

శనివారం మొట్టమొదట పోయిన పెద్దలను మన్నించమని అడిగే పాట పాడతాం, అందరం మోకాళ్ల మీద ఉంటాం. అప్పుడే ఆ పాట ఎవరింటిదో నీ నోటితో అందరికీ చెప్పు. చెప్పాక లేచి రెండు చరణాలూ పాడు. మన్నించడం ఆ పెద్దల పని. నా సంగతి నేనింకా తేల్చుకోలేదు.

గురువారం పడవకే రా. పిల్లలకు నేర్పడానికి రెండు రోజులైనా కావాలి. పెద్దదానికి చెవి మంచిదే. చిన్నది శ్రుతి తప్పుతుంది, దాని మీద విసుక్కోకు.

కోపంగానే,
నీ ఎనీడ్