అత్లోన్ ఇన్సులిన్ అత్లోన్‌లోనే ఇప్పించే విషయం

మందుల ధరల విభాగపు అధికారి గారికి,
డబ్లిన్.

కాకినాడ కలెక్టరేటులో అర్జీల సెక్షన్ సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరై, ప్రస్తుతం అత్లోన్ పట్టణమందు కూతురి ఇంట ఉంటున్న కృష్ణ మూర్తి వ్రాసుకొను మనవి.

విషయం: ఉచిత క్లినిక్‌లకు తక్కువ ధరకు అందే మందులను ఏ ఊరి రోగికి ఆ ఊరి షాపులోనే ఇచ్చేలా కంపెనీలను కట్టడి చేసే చట్టం వెంటనే తేవలెనని – నా భార్య గిరిజాకుమారి ఇన్సులిన్ నిమిత్తం.

అయ్యా,

సదరు చట్టపు ముసాయిదా మీద ప్రజలు ఏ భాషలోనైనా తమ అభిప్రాయం పంపవచ్చునని క్లినిక్ గోడకు అంటించిన నోటీసులో ఉన్నది. ఆ మాట పట్టుకుని తెలుగులో వ్రాయుచున్నాను. మా అమ్మాయి జయశ్రీ దీన్ని ఇంగ్లీషు చేసి జతపరుస్తుంది. నేను కోపంగా వ్రాసినచోట అది మెత్తగా వ్రాస్తుందని నా అనుమానం. తేడా వచ్చినచోట తెలుగు ప్రతినే ప్రమాణంగా స్వీకరించ ప్రార్థన.

1. మేమిద్దరం అమ్మాయి రెండో కాన్పు సాయానికి వచ్చాము. బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. తల్లికి కడుపు మీద కుట్లు చీము పట్టి ఇంకా కోలుకోలేదు. ఈ స్థితిలో వదిలి వెళ్ళలేక, మేము ఇక్కడే ఉండుటకు అనుమతి కోరుతూ అల్లుడు దరఖాస్తు పెట్టాడు. అది తేలలేదు. తేలేదాకా ఇక్కడి ప్రభుత్వపు మందుల పథకం ఏదీ మాకు వర్తించదట. జీపీలనబడే ఊరి డాక్టర్ల దగ్గరికి వెళితే కొత్తవారిని చేర్చుకోవడం లేదన్నారు. చేర్చుకున్నది వంతెన పక్కనున్న ఉచిత క్లినిక్ ఒక్కటే. శనివారాలు అక్కడ డాక్టర్ లోహిత కూర్చుంటుంది. గుంటూరు పిల్ల. ములింగార్ ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజు తెచ్చి మాకిస్తుంది.

2. అర్జీలో మూడో అంశం దాకా చదివిన అధికారిని నా సర్వీసులో చూడలేదు. కావున అసలు ఫిర్యాదు ఇక్కడే పెడుతున్నాను. ఒక ఇన్సులిన్ కంపెనీ మా క్లినిక్‌కు తక్కువ ధరకు మందు ఇస్తుండేది. క్లినిక్ వారు చీటీ రాస్తే మా వీధి చివరి షాపులో, అంకె తిప్పి పొడుచుకునే పెన్నుల రూపంలో తీసుకునేవాళ్ళం. మొన్న వేసవి ముందు కంపెనీ నుంచి తాఖీదు వచ్చింది. ఇకమీదట ఆ ధరకు మందు ఒక్క షాపులోనే దొరుకుతుంది, ఆ షాపు డబ్లిన్ అవతల స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉంది, రోగి స్వయంగా హాజరు కావాలి. అనగా చూపు మసకై, పాదాలు తిమ్మిరెక్కిన మనిషి అత్లోన్‌లో రైలెక్కి డబ్లిన్ పోయి, అక్కడ బస్సెక్కి, చల్లదనం పోకుండా మందును ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఇంత దూరమూ రావాలి. స్వోర్డ్స్ పక్కనే ఎయిర్‌పోర్టు. “మందు తీసుకుని అట్నుంచటే ఇండియా పొమ్మని కాబోలండీ” అని మా ఆవిడ నవ్వింది. దుర్వినియోగం అరికట్టుటకే ఈ ఏర్పాటు అని కంపెనీ వారి వివరణ. ఇన్సులిన్‌ను సరదాకి పొడుచుకునేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

3. కొనుక్కోవచ్చు కదా అని తమరు ఫైలు మీద రాస్తారు. నేనైనా అదే రాసేవాణ్ణి. అల్లుడి కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది దొరకలేదు. అయినా ఒకసారి పూర్తి ధరకు కొన్నాడు. ఆ నెల అద్దె ఆలస్యమై ఇంటి ఓనరమ్మ తలుపు కొట్టింది. అది విన్నాక మా ఆవిడ, తన దగ్గర మందు బోలెడుందని ఇంటిల్లిపాదికీ చెప్పింది. అబద్ధం. సగం సగం వేసుకుంటోంది. అడిగితే, “ఈ ముసలి ఒంటి కోసం పసిబిడ్డని రోడ్డు మీద పెట్టనా?” అంది. ఈ ఊళ్ళో మందుల కంపెనీలకు కొదవ లేదు. వాటి గోడల పక్కనుంచే రోజూ వాకింగ్‌కు వెళతాం.

4. ఆ రోజుల్లో జరిగినది. క్లినిక్ వరసలో మా వెనక నిలబడే జాయ్ అనే కేరళ అమ్మాయి, ఆవిడ అవస్థ చూసి, “ఆంటీ, ఇది ఉంచండి, నాకు ఇంకోటుంది” అని తన ఇన్సులిన్ సీసా ఒకటి చేతిలో పెట్టింది. సూదులు కూడా ఇస్తానంది. మావి మాకున్నాయి అన్నాం. కాకినాడ నుంచి తెచ్చుకున్న ఎర్రమూత సూదులు పెట్టెలో బోలెడు ఉన్నాయి మరి. మాకు తెలియనిది ఏమిటంటే, ఇక్కడి సీసాలో మందు మన సీసాలో కంటే రెండున్నర రెట్లు గాఢం. మన సూది మీద గీతలు మన సీసాకు సరిపోయేవి. ఆవిడ కాకినాడలో లాగే తన గీత దాకా లాగి పొడుచుకుంది.

కాసేపటికి వంటింట్లో ఆవిడకు చెమటలు పోశాయి. నా వంక చూసి, “ఒరే కృష్ణ మూర్తీ, కాఫీ తాగావట్రా” అంది. పెళ్ళయిన నాటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. నేను నవ్వాను. అమ్మాయిని కూడా వచ్చి వినమని కేకేశాను. నేనింకా నవ్వుతుండగానే ఆవిడ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాను. పలకలేదు.

5. ఈ అంశంలో ఫిర్యాదు లేదు. ములింగార్ ఆసుపత్రి వారు ఆవిడను బ్రతికించి పంపారు. అర్జీలో కృతజ్ఞతకు నంబరు ఇవ్వరాదని మా సెక్షన్లో నియమం. ఇచ్చాను.

6. డాక్టర్ లోహిత మమ్మల్ని కూర్చోబెట్టి, “అంకుల్, ఇందులో తప్పు మీదీ కాదు, జాయ్‌దీ కాదు. షాపులో దొరికి ఉంటే మీరు ఒకళ్ళ సీసా ఇంకొకళ్ళు వాడేవాళ్ళే కాదు” అంది. నేను ఆమెతో ఏకీభవించుచున్నాను. జాయ్ మాత్రం ఆనాటి నుంచి మా ఎదుటికి రావడానికే జంకుతోంది. ఆమె చేసినది ఉపకారమని ఇందుమూలముగా రికార్డు చేయవలెను.

7. ఈ అర్జీ మొదటి ప్రతిలో నా భార్య ఒక్కతెకు మినహాయింపు ఇమ్మని వ్రాశాను. చదివి వినిపించమంటే వినిపించాను. “మనకొక్కళ్ళకే అడిగితే అది అర్జీ ఏంటండీ, సిఫార్సు. ఆ జాయ్ ఏం కావాలి? ఆ వరసలో నుంచునే మిగతావాళ్ళేం కావాలి? కొట్టేసి మళ్ళీ రాయండి” అంది. కొట్టేసి వ్రాశాను.

కావున ఉచిత క్లినిక్‌లకు రావలసిన తక్కువ ధర మందులను ఫలానా షాపులోనే, ఫలానా ఊళ్ళోనే ఇస్తామని కంపెనీలు మెలిక పెట్టకుండా చట్టం చేయవలెననియు, అది వచ్చేలోగా కనీసం తాత్కాలిక ఉత్తర్వు ఇప్పించవలెననియు, ఈ కాగితాన్ని ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి ఇంకో బల్ల మీదికి తోయరాదనియు ప్రార్థన. ఆ మూడు మాటలు నేను ఎన్ని అర్జీల మీద రాశానో నాకు తెలుసు. వాటి సంగతి తర్వాత ఏమైందో కూడా తెలుసు.

ఇంతకు మించి వ్రాయ శక్తి లేదు. పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కృష్ణ మూర్తి

తా.క.: అయ్యా, ఇది రైల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. స్వోర్డ్స్ వెళ్ళి మందు తీసుకుని వస్తున్నాం. గిరిజ నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ కన్ను మూస్తే నాకు గుండె దడ. ఇప్పుడూ లేపాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎదుటి సీట్లో ఉన్న ఐరిష్ పెద్దాయన నన్ను వింతగా చూస్తున్నాడు. “బతికే ఉన్నానండీ, కాస్త పడుకోనివ్వండి” అని ఆవిడ విసుక్కుంది. పైన అందరి కోసం అని రాసినదంతా ఆవిడ రాయించింది. న్యాయమే, కాదనను. కానీ నాకు గిరిజ కావాలి అయ్యా.